తెగిన బోల్టును పారేయకండి

కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కొత్తకోడూరు మీదుగా ముత్తుకూరు దగ్గరి కృష్ణపట్నం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉండే ఇసుక నేలల్లో సర్వి తోపులు కనిపిస్తాయి. కొందరు సరుగుడు అంటారు, కొందరు చవుకు అంటారు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి వచ్చిన ఈ చెట్టును 19వ శతాబ్దంలో మద్రాసు నగరానికీ రైలింజన్లకూ కట్టెల కోసం మన తీరం పొడవునా నాటించారు. ఇవాళ అది కాగితం మిల్లులకూ, కొత్త ఇళ్ళ సెంట్రింగుకూ పోతోంది. ఒకప్పుడు ఈ చెట్టును గొడ్డలితో నరికేవాళ్ళు. ఇప్పుడు పెట్రోలు రంపం, అంటే చైన్ సా, వచ్చింది. రొయ్యల గుంటల కట్టల మీద పెరిగే గడ్డికీ, సర్కారు తుమ్మ మొలకలకూ భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్ వచ్చింది.

ఈ మిషన్లను బాగుచేసే షాపులో కాసేపు కూర్చుంటే ఒక ఫిర్యాదు పదే పదే వినబడుతుంది. ఇంజను మీద కాదు, బోల్టు మీద. సైలెన్సరు బోల్టు తెగింది. హ్యాండిల్ బోల్టు ఊడి ఎక్కడో పడిపోయింది. ఇంజనుకూ పొడవాటి పైపుకూ మధ్య ఉండే క్లచ్ డబ్బా బోల్టు మళ్ళీ పోయింది. "ఇదేందన్నా, మొన్ననే కదా కొత్తది వేసింది!" అని మిషన్ తెచ్చినతను అడుగుతాడు. తెగిన ముక్కను మెకానిక్ చెత్తడబ్బాలో పడేసి, ఈసారి ఇంకా గట్టి రకం బోల్టు వేస్తాడు. అదీ తెగుతుంది. తర్వాత రంధ్రం పెద్దది చేసి ఇంకా లావు బోల్టు ఎక్కిస్తాడు. ఈసారి బోల్టు నిలబడి, దాన్ని పట్టుకున్న అల్యూమినియం పగులుతుంది. ఆ మిషన్ మీద రోజుకూలికి పనిచేసే మనిషికి ఇవన్నీ పని లేని రోజులే.

ఒకే చోట మాటిమాటికీ తెగే బోల్టు బలం లేక తెగడం చాలా అరుదు. అది తెగడానికి ముందే వదులైంది. వదులు కావడానికి కారణం పక్కనే మరెక్కడో ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. దీనికి సాక్ష్యం ఆ చెత్తడబ్బాలో పడిన ముక్క మీదే ఉంటుంది.

ముందు బోల్టు ఏం పని చేస్తుందో చూద్దాం. రెండు రేకులను కలిపి ఉంచే మేకులాంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు ఒక స్ప్రింగు. నట్టు బిగించేకొద్దీ అది సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ ఒకదానికొకటి నొక్కి పట్టి ఉంచుతుంది. ఈ మిషన్లలో ఎక్కువగా వాడేది 5 మిల్లీమీటర్ల బోల్టు, తల మీద 8.8 అని ముద్ర ఉన్న రకం. ఆ ముద్రలో మొదటి 8కి అర్థం, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా తెగకుండా తట్టుకోగలదని. చుక్క తర్వాతి 8కి అర్థం, అందులో 80 శాతం దాకా, అంటే 640 న్యూటన్ల దాకా, లాగి వదిలితే మళ్ళీ యథాస్థితికి వస్తుందని. లెక్క వేస్తే ఈ చిన్న బోల్టు తెగాలంటే 1,100 కిలోలకు పైగా బరువు వేలాడదీయాలి. సరిగ్గా బిగించినప్పుడు అది 600 కిలోలకు పైగా బలంతో రెండు భాగాలనూ అదిమి పడుతుంది. సైలెన్సరుకైనా హ్యాండిల్‌కైనా ఇది అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా తెగుతోందంటే లోపం బలంలో లేదు.

అంత బలంతో లాగుతున్న బోల్టు నిజంగా ఎంత సాగిందో చూడండి. పట్టు పొడవు 20 మిల్లీమీటర్లయితే సాగుడు సుమారు 0.04 మిల్లీమీటరు. తలవెంట్రుక మందంలో సగం. ఆ 600 కిలోల అదుముడంతా ఈ కాస్త సాగుడు మీదే ఆధారపడి ఉంది. తల కింద పెయింటు పొర నలిగినా, రేకు మీది గరుకుదనం అణిగినా, గ్యాస్కెట్ కాస్త కుదురుకున్నా అందులో 0.02 మిల్లీమీటరు ఇట్టే పోతుంది. అంటే అదుముడు సగానికి పడిపోతుంది. బోల్టు మాత్రం ఒక్క పిసరు కూడా తిరగలేదు. పానా పెట్టి చూసినా బిగువుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అదే బోల్టు పట్టు పొడవు 60 మిల్లీమీటర్లయితే సాగుడు మూడింతలవుతుంది. అప్పుడు 0.02 పోయినా పెద్ద నష్టం ఉండదు. కొన్ని మంచి మిషన్లలో సైలెన్సరు బోల్టును కావాలనే పొడుగ్గా చేసి, తల కింద ఒక గొట్టం ముక్క పెట్టేది ఇందుకే. ఆ గొట్టం అనవసరమని తీసేసి పొట్టి బోల్టు వేసిన మిషన్లను నేను చూశాను. తీసినవాళ్ళకు అది ఎందుకుందో చెప్పినవాళ్ళు లేరు.

ఇక బోల్టును కుదిపే ఇంజను సంగతి. మన దగ్గర విరివిగా అమ్ముడయ్యే 52 సీసీ టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ వెడల్పు 44 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 34 మిల్లీమీటర్లు. నిమిషానికి 9,000 సార్లు తిరిగేటప్పుడు, పైకొన దగ్గర పిస్టన్ ఆగి వెనక్కి మళ్ళే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకు సుమారు 1,900 రెట్లు ఉంటుంది. 50 గ్రాముల పిస్టన్ ఆ క్షణంలో 95 కిలోల బరువులా లాగుతుంది. ఒకే సిలిండరు ఉన్న ఇంజనులో ఈ లాగుడును పూర్తిగా సరితూచడం సాధ్యం కాదు. క్రాంకుకు బరువు తగిలించి కొంత తగ్గిస్తారు, మిగతాది మిషన్ ఒంట్లోకి పోతుంది. ఇలా సెకనుకు 150 సార్లు. గంటకు 5,40,000 సార్లు. రెండు గంటల పనిలోనే 10 లక్షలు దాటిపోతుంది.

10 లక్షలన్న అంకెకు లోహశాస్త్రంలో ఒక చరిత్ర ఉంది. 1842 మే 8న పారిస్ దగ్గర వెర్సాయి నుంచి వస్తున్న రైలులో ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిమీదొకటి ఎక్కి మంటలంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. దక్షిణ ధ్రువ సముద్రాలను చుట్టివచ్చిన నావికుడు డ్యూమో దుర్విల్ కుటుంబంతో సహా అందులోనే కాలిపోయాడు. ఎన్నో వేల మైళ్ళు తిరిగిన ఇరుసు, ఏ అదనపు బరువూ పడకుండానే ఎందుకు విరిగిందన్నది ఆనాటి ఇంజనీర్లను కలచివేసిన ప్రశ్న. మరుసటి ఏడాది స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్, విరిగిన ఇరుసుల్లో పగులు ఒక మూల దగ్గర మొదలై కొద్దికొద్దిగా లోపలికి పాకిందని చూపించాడు. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850ల నుంచి 1870 దాకా ఇరుసులను, ఉక్కు కడ్డీలను యంత్రాలకు తగిలించి లక్షల సార్లు వంచి చూశాడు. ఒక్కసారిగా విరవడానికి కావలసిన బలంలో చిన్న భాగమైనా సరే, లక్షల సార్లు పడితే ఉక్కు విరుగుతుందని తేల్చాడు. ఆ బలం ఒక హద్దు కంటే తక్కువైతే ఎన్నిసార్లు పడినా విరగదనీ తేల్చాడు. దీన్నే లోహపు అలసట అంటాం. ఉక్కుకు ఆ హద్దు తేలేది 10 లక్షలకూ కోటికీ మధ్య. రైలు ఇరుసుకు నెలలు పట్టే లెక్క బ్రష్ కట్టర్ బోల్టుకు ఒక్క పూటలో పూర్తవుతుంది. ఉదయం వేసిన బోల్టు సాయంత్రానికి తెగిందంటే అది నకిలీదేనని తీర్మానించనక్కర్లేదు.

మరి అన్ని బోల్టులూ ఒక్క పూటలో ఎందుకు తెగడం లేదు? బిగువే కారణం. అదిమి పట్టిన రెండు భాగాల మధ్య బోల్టు తన స్ప్రింగు గుణంతో ఒక విచిత్రమైన రక్షణ పొందుతుంది. బయట నుంచి 200 కిలోల కుదుపు వచ్చిందనుకుందాం. అదుముడు 600 కిలోలుంటే, ఆ కుదుపులో ఎక్కువ భాగం భాగాల మధ్య నొక్కుడు తగ్గడంలోనే ఖర్చయిపోతుంది. బోల్టుకు అందేది అందులో పదో వంతో, అయిదో వంతో. అదే బోల్టు వదులైతే 200 కిలోలూ నేరుగా దాని మీదే పడతాయి. 5 మిల్లీమీటర్ల బోల్టు అలసిపోకుండా తట్టుకోగల హెచ్చుతగ్గు మధ్య విలువకు అటూ ఇటూ సుమారు 90 కిలోలు. సున్నాకూ 200కీ మధ్య ఊగితే అది అటూ ఇటూ 100. హద్దు దాటింది. బిగువుగా ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి నిలిచేది, వదులైన మరుక్షణం నుంచి గంటలు లెక్కపెట్టుకుంటుంది.

గట్టి రకం బోల్టు ఎందుకు ఉపయోగపడదో ఇప్పుడు తెలుస్తుంది. 12.9 ముద్ర ఉన్న బోల్టు ఒక్కసారిగా లాగితే 8.8 కంటే ఒకటిన్నర రెట్లు తట్టుకుంటుంది. కానీ అలసట విషయంలో రెండింటికీ దాదాపు ఒకే హద్దు. మర లోయలో ఉండే సన్నని మూల దగ్గర ఒత్తిడంతా పోగవుతుంది, ఆ మూల ఎంత గట్టి ఉక్కుకైనా అంతే. 12.9 వల్ల లాభం ఒక్కటే, దాన్ని ఇంకా ఎక్కువ బిగించవచ్చు. అయితే అది దిగేది అల్యూమినియంలోకో, మెగ్నీషియం మిశ్రమంలోకో. ఆ మెత్తటి మరలు అంత బిగింపుకు ఆగవు. బోల్టు మారింది, బిగువు మారలేదు. జబ్బు అక్కడే ఉంది.

తెగిన ముక్కను ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. పెట్రోలుతో కడిగి, ఎండలో పెట్టి, వీలైతే భూతద్దంతో చూడండి. అలసటతో తెగిన బోల్టు ముఖం రెండు తీరుల్లో ఉంటుంది. ఒక భాగం నున్నగా, ఇంచుమించు మెరుగుపెట్టినట్టు ఉంటుంది. మిగతాది గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. నున్నటి భాగంలో జాగ్రత్తగా చూస్తే వంపు తిరిగిన సన్నని గీతలు కనిపిస్తాయి, మైపాడు ఒడ్డున నీళ్ళు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ ఇసుక మీద వదిలిపోయే గీతల్లా. మిషన్ ఆపి మళ్ళీ నడిపినప్పుడు, పని బరువు మారినప్పుడు పగులు ముందుకు సాగే తీరు మారుతుంది. ఆ మార్పుల గుర్తులే అవి. గీతలన్నీ ఏ చుక్క చుట్టూ వంపు తిరిగాయో అక్కడే పగులు పుట్టింది. సాధారణంగా అది నట్టు లోపల మొదటి మర దగ్గర ఉంటుంది. నట్టులో మరలన్నీ బరువును సమానంగా పంచుకుంటాయనుకుంటాం గానీ, మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. రెండో అనుమానపు చోటు తల కింది మెడ.

గరుకు భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా తెగినది. అది చిన్నగా ఉండి నున్నటి భాగం పెద్దగా ఉంటే, బోల్టు మీద పడ్డ బరువు తక్కువే, చాలాసేపు కొద్దికొద్దిగా కోసింది. అంటే బోల్టు బలహీనం కాదు, వదులైంది. గరుకు భాగమే ఎక్కువుంటే బరువు నిజంగానే ఎక్కువ, ఏదో తప్పు చోట తగిలింది. తెగిన చోట నడుము సన్నబడి సాగినట్టుంటే, పానాతో అతిగా లాగారు. ముఖం మీద మెలి తిరిగిన గుర్తులుంటే బిగించేటప్పుడే తిప్పి విరిచారు. జింకు పూత పూసిన 12.9 బోల్టు బిగించిన కొన్ని గంటలకు, ఇంజను నడవకుండానే, పటుక్కున తెగి ముఖమంతా పలుకులుగా కనబడితే అది హైడ్రోజన్ పని. పూత పూసేటప్పుడో, తుప్పు వదిలించడానికి ఆసిడ్‌లో వేసినప్పుడో పుట్టిన హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. గట్టి రకం బోల్టులను ఆసిడ్‌లో నానబెట్టి తుప్పు తీసి మళ్ళీ వాడే అలవాటు ఎక్కడున్నా మానాలి.

బోల్టు వదులయ్యేది రెండు రకాలుగా. తిరగకుండా వదులవడం పైన చూశాం. తిరిగి వదులవడం వెనక మరో కథ ఉంది. నిలువుగా కుదిపే కుదుపులే నట్టును తిప్పుతాయని ఇంజనీర్లు చాలాకాలం నమ్మారు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఆ నమ్మకాన్ని మార్చాడు. బిగించిన రెండు రేకులను అడ్డంగా, ఒకదానిమీద ఒకటి జారేలా ఊపే యంత్రం తయారుచేసి బోల్టులను పరీక్షించాడు. అడ్డంగా కాస్త జారుడు మొదలవగానే బోల్టు దానంతటదే విప్పుకోసాగింది. కారణం ఇదీ. మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన వాలు. నట్టు ఆ వాలు మీద నుంచి జారిపోకుండా ఆపుతున్నది రాపిడి మాత్రమే. రాపిడి ఒకసారికి ఒక దిక్కులోనే పనిచేస్తుంది. అడ్డం జారుడును ఆపడంలో దాని శక్తంతా ఖర్చయితే, విప్పుకునే దిక్కులో ఆపడానికి ఏమీ మిగలదు. ప్రతి జారుడుకూ పిసరంత వాలు దిగుతుంది. సెకనుకు 150 జారుళ్ళయితే నట్టు ఊడి పడడానికి ఎంతోసేపు పట్టదు.

యుంకర్ పరీక్ష మనం అందరం నమ్మే ఒక చిన్న వస్తువు పరువు తీసింది. చీలిక ఉన్న స్ప్రింగు వాషరు. బోల్టుకు కావలసిన బిగువులో కాస్త భాగం పడగానే అది పూర్తిగా చదునైపోతుంది, ఆ తర్వాత మామూలు వాషరే. అడ్డం జారుడును అది ఆపదు. బోల్టు కింద స్ప్రింగు వాషరు వేశాం కదా అని నిశ్చింతగా ఉండడం మన షాపుల్లో బలంగా పాతుకుపోయిన అలవాటు. నా మాట మీద కాకపోయినా, తెగిన బోల్టుల కింద దొరికే వాషర్లను చూసైనా దీన్ని మానుకోవాలి.

ఇక మన తీరం ప్రత్యేకత. మద్రాసుకు దక్షిణాన కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశంలో ఎక్కడ లోహం ఎంత తొందరగా తుప్పు పడుతుందో చూపే పటం తయారుచేసింది. సముద్రపు గాలి తగిలే చోట్ల తుప్పు ఉధృతి ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ వేగంగా తగ్గుతుంది. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర ఆరి, ఉప్పు ధూళిగా గాలిలో తేలి మిషన్ మీద పడుతుంది. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే కరుగుతుంది. కానీ సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది 33 శాతం తేమకే గాలిలోంచి నీళ్ళు లాగేస్తుంది. మన తీరంలో తేమ అంతకంటే దిగే గంటలు చాలా తక్కువ. కాబట్టి మర సందుల్లో చేరిన ఉప్పు ఎండ కాస్తున్నా ఆరదు, పైకి కనిపించకుండా తడిగానే ఉంటుంది.

ఈ తడి వోలర్ చెప్పిన హద్దునే చెరిపేస్తుంది. పొడి గాలిలో ఉక్కుకు, ఇంత లోపల ఎంత కుదిపినా తెగదన్న హద్దు ఉంది. ఉప్పు తడిలో ఆ హద్దు ఉండదు. తుప్పు గుంట పగులుకు మొదలవుతుంది, పగులులోకి చేరిన ఉప్పు నీరు దాన్ని ఇంకా లోతుకు తవ్వుతుంది. అంతేకాదు, ఉక్కు బోల్టూ అల్యూమినియం డబ్బా ఉప్పు నీటిలో తాకితే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరుగుతుంది. మర చుట్టూ కనిపించే తెల్లటి పొడి అదే. ఇక్కడే చాలామంది స్టెయిన్‌లెస్ బోల్టు వైపు చూస్తారు. అది తుప్పు పట్టదు, నిజమే. కానీ దాని పక్కన అల్యూమినియం ఇంకా తొందరగా తినబడుతుంది. పైగా మామూలు స్టెయిన్‌లెస్, 8.8 కంటే తక్కువ బిగింపుకే సాగిపోతుంది, బిగించేటప్పుడు మరలు ఒకదానికొకటి పట్టేసి కదలకుండా పోయే గుణమూ ఉంది. తీరంలో నా ఓటు జింకు పూత ఉన్న 8.8కే. మరకు పలుచగా గ్రీజు రాసి, పని అయ్యాక మిషన్‌ను మంచినీళ్ళ గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

ఉప్పుతో పాటు ఇసుక. సర్వి బెరడు పగుళ్ళ నిండా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటుంది. కలప వృథా కాకూడదని మొదలుకంటా కోయబోతే గొలుసు నేలను తాకుతుంది. ఒక్క క్షణం చాలు, పళ్ళు మొద్దుబారడానికి. సర్వి చేవ గట్టిది. మొద్దు గొలుసుతో కోయాలంటే రంపాన్ని బలంగా నొక్కాలి, నొక్కినకొద్దీ మిషన్ అదురుతుంది, గొలుసు తిరిగే బారు పక్కనుండే నట్లు ముందుగా వదులవుతాయి. నట్టు కోసం వచ్చిన మిషన్‌కు ఆకురాయితో గొలుసు పదును పెట్టి పంపిన మెకానిక్ సరైన వైద్యం చేసినట్టు. బ్రష్ కట్టర్‌కు ఇదే పాఠం బ్లేడు దగ్గర. 255 మిల్లీమీటర్ల బ్లేడుకు రాయి తగిలి ఒక గ్రాము లోహం ఊడిందనుకోండి. నిమిషానికి 6,500 సార్లు తిరిగే ఆ బ్లేడును ఆ ఒక్క గ్రాము లోటు 6 కిలోల బలంతో పక్కకు లాగుతుంది. అదీ చుట్టూ తిరుగుతూ, సెకనుకు 100 సార్లకు పైగా, సరిగ్గా యుంకర్ కుదిపిన దిక్కులో. క్లచ్ డబ్బా బోల్టులు మళ్ళీ మళ్ళీ తెగుతుంటే ముందు అటు చివర ఉన్న బ్లేడును విప్పి చూడాలి. తర్వాత ఇంజను కింది రబ్బరు కుషన్లను. పెట్రోలు తగిలి ఎండిపోయిన రబ్బరు అదురును ఆపదు, అందిస్తుంది. (బ్లేడు నట్టు మర చాలా మిషన్లలో ఎడమచేతి వాటం. మామూలు నట్టు బిగించే దిక్కులో తిప్పితేనే విడుతుంది. తెలియక రెండో దిక్కున పైపు వేసి లాగి ఇరుసునే విరిచేవాళ్ళు ఉన్నారు.)

బిగింపు ఎంత ఉండాలి? పానాతో మనం పెట్టే బలంలో సుమారు 90 శాతం తల కింది రాపిడికీ మరల్లోని రాపిడికీ పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పదో వంతే. అందుకే చేతి అంచనా ఇంతగా మోసం చేస్తుంది. మర పొడిగా, తుప్పుగా ఉంటే గట్టిగా తిప్పినా బోల్టు సాగదు. నూనె రాసి ఉంటే అదే బలానికి అతిగా సాగుతుంది. 5 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు ఉక్కులో కావలసింది సుమారు 6 న్యూటన్ మీటర్లు, 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10. మరకు గ్రీజు రాస్తే ఇంకాస్త తగ్గించాలి, అల్యూమినియంలోకి దిగేవాటికి మిషన్ పుస్తకంలో తరచూ ఇంతకంటే తక్కువే ఇస్తారు. టార్క్ పానా కొనగలిగితే మేలు. లేకపోతే చేపల బేరం దగ్గర వాడే స్ప్రింగు కాటా సరిపోతుంది. పానా మీద బోల్టు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో కొక్కెం తగిలించి, పానాకు లంబకోణంలో లాగాలి. ముల్లు 6 కిలోలు చూపితే 6 న్యూటన్ మీటర్లకు దగ్గరగా వచ్చినట్టే. చేత్తో ఇంకో గుంజు గుంజితే పోలేదా అనిపిస్తుంది. ఆ గుంజుకే అల్యూమినియం మరలు కొట్టుకుపోతాయి.

కొట్టుకుపోతే లావు బోల్టు ఎక్కించడం కంటే మేలైన మార్గం ఉంది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, దానికి తగిన ట్యాప్‌తో మర వేసి, స్టెయిన్‌లెస్ తీగతో చుట్టిన హెలికాయిల్ దించితే లోపల పాత కొలత మరే వస్తుంది. చాలాసార్లు అసలు మర కంటే గట్టిగా నిలుస్తుంది కూడా.

జారుడు పూర్తిగా ఆపలేని చోట మరకు జిగురు వేయాలి. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో తయారుచేసిన ద్రవం ఇప్పుడు లాక్‌టైట్ పేరుతో ప్రతి షాపులోనూ దొరుకుతుంది. గాలి తగిలినంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. మర సందులో గాలి అందక, లోహం తాకగానే గట్టిపడుతుంది. నూనె, గ్రీజు ఉన్న మర మీద అది పట్టదు, ముందు పెట్రోలుతో కడిగి ఆరబెట్టాలి. అంటే ఒక బోల్టుకు గ్రీజో జిగురో, ఏదో ఒకటే. పానాతో మళ్ళీ విప్పగలిగే నీలం రకం చాలు. ఎర్రది వేస్తే వేడి చేస్తే గానీ రాదు. సైలెన్సరు బోల్టులకు మాత్రం ఇది పనికిరాదు, ఆ వేడికి జిగురు మెత్తబడిపోతుంది. నైలాన్ రింగు ఉన్న నట్టూ అక్కడ కరుగుతుంది. అక్కడ పొడుగు బోల్టు, గొట్టం ముక్క, పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్టు వేయాలి. ఇంజను వేడెక్కి చల్లారాక ఒకసారి మళ్ళీ బిగించాలి.

ఇదంతా బోల్టు ఖర్చు గురించి కాదు. వదులైన ఇంజను అదురంతా పట్టుకున్న చేతుల్లోకి వెళ్తుంది. 1918లో అమెరికాలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్, ఇండియానా సున్నపురాయి క్వారీల్లో గాలి సుత్తులతో పనిచేసేవాళ్ళ వేళ్ళు చలికి తెల్లగా పాలిపోయి స్పర్శ కోల్పోతున్నాయని నమోదు చేసింది. రంపం పట్టేవాళ్ళకూ ఇదే జబ్బు వస్తుందని తర్వాత దేశదేశాల్లో తేలింది. మన తీరంలో చలి తక్కువ కాబట్టి వేళ్ళు తెల్లబడడం కనిపించకపోవచ్చు. తిమ్మిరి, పట్టు తగ్గడం మాత్రం చలితో పని లేకుండా వస్తాయి. బ్లేడు గార్డు బోల్టు ఊడితే ప్రమాదం ఇంకా దగ్గరిది. మిషన్ అద్దెకిచ్చే యజమాని ఈ బాధ్యత కూలివాడి మీద వదిలేయకూడదు.

రోజూ చేయవలసింది చాలా తక్కువ. ప్రతి బోల్టు తల మీది నుంచి డబ్బా మీదికి పెయింటుతోనో గోళ్ళ రంగుతోనో ఒక సన్నగీత గీసి ఉంచితే, పొద్దున పెట్రోలు పోసేటప్పుడు ఒక్క చూపులో ఏది తిరిగిందో కనిపిస్తుంది. ఒక బోల్టు తెగితే ఆ వరసలోవన్నీ మార్చాలి. మొదటిది వదులైన దగ్గర నుంచి దాని బరువు కూడా మోసినవి అవే, వాటిలో పగులు మొదలై ఉంటుంది. నమ్మకం కలగకపోతే పాత రైల్వే వర్క్‌షాపుల్లో చేసిన పరీక్ష చేసి చూడండి. తీసిన బోల్టును శుభ్రంగా కడిగి కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగుడ్డతో బాగా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లాలి. కాసేపటికి మెడ దగ్గరో మొదటి మర దగ్గరో పొడి మీద సన్నని తడి గీత తేలితే పగులులో చిక్కుకున్న కిరసనాయిలు బయటికి వస్తున్నట్టు. గీత తేలకపోయినా ఆ బోల్టును తిరిగి మిషన్‌కు వేయకండి. ఈ పరీక్షకు అందనంత చిన్న పగుళ్ళు కూడా ఉంటాయి, కొత్త బోల్టుల సెట్టు ఖరీదు ఒక పూట కూలి కంటే తక్కువే.